పన్నెండు నెలల్లోపు

రాత్రంతా ఉప్పులో మగ్గిన కవళ్ల చేపలను పిచ్చమ్మ తొట్టిలోంచి తీసి బుట్టలో వేస్తోంది. ప్రతి దోసిలికీ చేతులు కాసేపు తొట్టి మీదే ఆపి, ఉప్పునీళ్లు కారనిచ్చి, అప్పుడు బుట్టలోకి వదులుతుంది. వేళ్ల సందుల్లో ఎప్పటివో కోతలున్నాయి. రోజూ ఈ వేళకు అవి చురుక్కుమంటాయి. రోజూ ఈ వేళకు ఆమె పళ్లు బిగబట్టి పని కానిస్తుంది.

బుట్ట నిండాక ఎడమచేత్తో అంచు పట్టుకుని లేపింది. పాలెంలో చాలామంది ఆమెది పుర్రచేతివాటం అనుకుంటారు. అది పుట్టుకతో వచ్చింది కాదు. కుడిభుజం దగ్గర ఎముక విరిగి, కట్టు కట్టేవాళ్లు లేక, దానంతటదే వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి భుజం ఎత్తుకు మించి లేవదు. తల దువ్వుకోవాలంటే చేతిని తల దగ్గరికి కాదు, తలనే చేతి దగ్గరికి వంచుకుంటుంది. వంచుకుని వంచుకుని మెడ కూడా ఒక పక్కకు వాలిపోయింది. ఎప్పుడూ ఎవరి మాటో వింటున్నట్టు ఉంటుంది మనిషి.

కోడలు పెరట్లో అంట్లు తోముతోంది. పిచ్చమ్మ పిలవబోయి ఆగి, గోడ చుట్టూ తిరిగి ఆమె ఎడమపక్కకు వెళ్లి నిలబడింది.

"దుర్గా, వల పరవాలి రా."

దుర్గ తలెత్తి చూసి, చేతులు కడుక్కుంది. "వొస్తుండా అత్తా," అని గట్టిగా అంది. ఈమధ్య ఆమెకు మెల్లగా మాట్లాడటం చేతకావడం లేదు. కుడిచెవిలో దూది ఉంది. పోయిన కార్తీకంలో ఒక సాయంత్రం మొగుడు పెంచలు చెయ్యి తగిలింది ఆ చెవికే. మూడోరోజుకు చీము కారితే పిచ్చమ్మే ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు ఎట్ట జరిగిందమ్మా అని దుర్గను అడిగాడు. దుర్గ నోరు తెరిచేలోపే, "పడవ కాడ జారి పడిందయ్యా, తెడ్డు తగిలింది," అని పిచ్చమ్మ చెప్పేసింది. డాక్టరు అదే రాసుకున్నాడు.

పెంచలు చెడ్డవాడని పాలెంలో ఎవరూ అనరు. వేటకు ఒక్క పొద్దు మానడు. తల్లికి బీపీ మాత్రలు అయిపోకముందే తెస్తాడు. పిచ్చమ్మ లెక్కలో అయితే వాడు వాళ్ల నాయనకంటే చాలా నయం. వాళ్ల నాయన చేతికందిన దాంతో కొట్టేవాడు. వీడు చేత్తోనే కొడతాడు.

అత్తాకోడళ్లిద్దరూ చెరొక కొస పట్టుకుని పాత వలను ఇసుక మీద పరిచారు. ఇంటికీ సముద్రానికీ మధ్య ఉన్న ఆ దిబ్బ మీదే వాళ్ల ఎండబెట్టుడు. ఒక పక్క నిన్నటి నెత్తళ్లు సగం ఎండి వెండి రేకుల్లా మెరుస్తున్నాయి. వాటి పక్కనే కవళ్లను ఒక్కొక్కటిగా పడుకోబెట్టారు. ఆకాశం తేటగా ఉంది. కాకులను తోలడానికి దుర్గ ఒక కర్రకు నల్లగుడ్డ కట్టి పాతింది.

"ఆ సర్వే పిల్ల మనింటికి గూడా వొస్తాదా అత్తా?"

"వొస్తే రానీ. అడిగినదానికి లేదని చెప్పి పంపిస్తే పోతాది."

 గుడ్డ గాలికి ఆడుతుంటే దుర్గ కాసేపు చూసి, లోపలికి పోయింది.

నిన్న సాయంత్రమే గుడి మైకులో చెప్పారు. ఈ పాలెంలో ఊరిపెద్దలను కాపులంటారు. పెద్దకాపు పోలేరయ్య మాటగా అతని మనిషి చదివాడు. రేపు నెల్లూరు నుంచి ఒక పిల్ల సర్వేకు వస్తుందట. దొంగతనాలు, కొట్లాటలు, ఇళ్లలో గొడవలు, అన్నీ అడుగుతుందట. మర్యాదగా మాట్లాడాలి. మంచినీళ్లివ్వాలి. ఊరి మాట మాత్రం ఊర్లోనే ఉండాలి. దాటితే దురాయి.

దురాయి వేస్తే ఆ ఇంటితో ఊరు తెగిపోతుంది. పడవ ఎక్కనివ్వరు, చేప కొనరు, పలకరిస్తే పలకరు. నాలుగేళ్ల కిందట కామాక్షయ్య వలను ఎవరో కోసేస్తే, కాపులకు చెప్పకుండా స్టేషనుకు పోయాడు. ఆ ఇంటికి దురాయి వేశారు. ఆ నెలలోనే అతని తల్లి చనిపోయింది. మోయడానికి నాలుగు భుజాలు దొరకలేదు. అల్లుడూ కామాక్షయ్యా కలిసి ముసలామెను ట్రాలీ ఆటోలో పడుకోబెట్టుకుని శ్మశానానికి తీసుకుపోయారు. ఆటో గతుకుల్లో పోతుంటే ఆమె కాళ్లు ఊగడం పిచ్చమ్మ తన వాకిట్లోంచి చూసింది. ఆ మరుసటి ఏడు, ఒక్క కేసూ లేని ఊరని, పెద్ద పోలీసాయన వచ్చి పోలేరయ్యకు శాలువా కప్పాడు. పిల్లలకు బిస్కెట్లు పంచారు.

* * *

సర్వే పిల్ల పేరు కెజియా. బక్కగా, చెవులకు చిన్న రింగులతో, ట్యాబును ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని గుండెకు హత్తుకుని వచ్చింది. ఆమె వెనకే పక్కింటి మస్తానమ్మ కూడా వచ్చింది. పొద్దుటి నుంచి ఆ పిల్ల ఏ ఇంటికి పోతే ఆ ఇంటికి మస్తానమ్మ పోతూనే ఉంది.

"ఈ ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"నేనూ, నా కొడుకూ, కోడలూ," అంది పిచ్చమ్మ.

"మేకో?" అంది మస్తానమ్మ.

"మేకలు వద్దులే అక్కా."

"ఎందుకొద్దు? రోజూ అది తినేదానికి లెక్క లేదా?"

కెజియా నవ్వాపుకుని ట్యాబులోంచి చదివింది. "గడిచిన పన్నెండు నెలల్లో మీ ఇంట్లో ఏదైనా వస్తువు దొంగతనానికి గురైందా?"

"లేదమ్మా."

"అదేందత్తా!" మస్తానమ్మ ముందుకు జరిగింది. "పోయిన ఎండలప్పుడు మీ వల ఎత్తకపోయినారు గదా?"

"అది దొంగతనం గాదు. కాపులు పిలిపించి మందలించినారు. వాడు తెచ్చి ఇచ్చేసినాడు. ఇచ్చినాక ఇంక దొంగతనం యాడిది?"

"పోయింది కదమ్మా?" అంది కెజియా.

"వొచ్చింది గదమ్మా?"

కెజియా వేలు ట్యాబు మీద గాల్లో ఆగింది. ప్రశ్నను పెదవులతో మళ్లీ ఒకసారి చదువుకుంది. చివరకు 'లేదు' నొక్కింది.

"నా కోడిపెట్ట పోయింది, అది రాసుకో," అంది మస్తానమ్మ. "ఎత్తకపోయినోడి పేరు గూడా చెప్తా. మా మరిదే."

"మీ ఇల్లు నాకు రాలేదక్కా. లాటరీ తీసినట్టు కొన్ని ఇళ్లే వస్తాయి. మీ వరసలో ఈ ఇల్లు వచ్చింది."

"కోడి పోయిన ఇల్లు ఇడిసిపెట్టి పోని ఇంటికొచ్చినావా! ఏం చదువులమ్మా మీవి!"

ఆ నవ్వులోనే కెజియా, ఇక మీదట అడిగేవి ఒక్కొక్కరినే విడిగా అడగాలని చెప్పింది. మస్తానమ్మ మూతి తిప్పుకుంటూ లేచింది. దుర్గ పెరట్లోకి పోయింది. గదిలో పిచ్చమ్మ, ఆ పిల్ల మిగిలారు.

కెజియా గొంతు మారింది. పాఠం అప్పజెప్పినట్టు, కళ్లెత్తకుండా చదివింది. "మీ భర్త మిమ్మల్ని నెట్టడం గానీ, చెంప మీద కొట్టడం గానీ, ఏదైనా వస్తువుతో కొట్టడం గానీ ఎప్పుడైనా జరిగిందా?"

పిచ్చమ్మ ఆలోచించింది.

"తెడ్డు వస్తువేనా?"

కెజియా తలెత్తింది. "వస్తువేనమ్మా. ఎప్పుడు జరిగింది?"

"నా కొడుకు నడక నేర్చే నాటికి. ఆ తర్వాత గూడా శానాసార్లు. తెడ్డుతో మాత్రం అదొక్కసారే."

"ఇప్పుడు ఆయన..."

"పోయి శానా ఏండ్లాయె."

పిల్ల ట్యాబులో పైకీ కిందికీ వెతికింది. ఆ తర్వాత, తప్పు తనదైనట్టు చెప్పింది. "ఇందులో పన్నెండు నెలల్లోపు జరిగినవే వస్తాయమ్మా."

"అయితే ఏం నొక్కతావు?"

"లేదు అని."

"సరే. అట్టనే నొక్కు."

సరే అంది గానీ పిచ్చమ్మకు ఏదోలా అయింది. తన ఎడమచెయ్యి కుడిభుజం మీద ఉందని అప్పుడు చూసుకుంది. అది ఎప్పుడు అక్కడికి పోయిందో తెలియదు. ఇన్నేళ్లలో ఆ ఎముక గురించి ఆమెను ఎవరూ అడగలేదు. కన్నతల్లి కూడా అడగలేదు, చూసి ఊరుకుంది. అడిగిన ఒక్క మనిషీ ఇదిగో, ఇట్టా అడిగి అట్టా తుడిచేసింది. కోపం రాలేదు. కాకపోతే, ఎవరైనా అడిగితే నోట్లోంచి మాట అంత సులువుగా బయటికొస్తుందని ఆమె అనుకోలేదు.

* * *

దుర్గ వంతు వచ్చినప్పుడు పిచ్చమ్మ కదల్లేదు.

"అమ్మా, మీరు కాసేపు బయట ఉంటారా?"

"నా ఇంట్లో నేనుండకూడదా? నేనేం అడ్డం రాను. నా పాటికి నేను ఇదో, ఈడ కూసుంటా."

గడపలో కూర్చుని వల ముడులు విప్పుకుంటూ ఉండిపోయింది. కెజియా దుర్గకు దగ్గరగా జరిగి, గొంతు బాగా తగ్గించి మొదటి ప్రశ్న అడిగింది.

"ఆఁ?" అంది దుర్గ.

కెజియా మళ్లీ అంతే మెల్లగా అడిగింది.

"ఈ పక్కకు రా. ఆ చెవి ఇనపడదు," అంది దుర్గ, వీధికి వినపడేంత గట్టిగా.

కెజియా అటు పోయి కూర్చుంది. అయినా గొంతు పెంచక తప్పలేదు. నలుగురికీ వినపడకూడదని రాసిపెట్టిన ప్రశ్నను ఆ పిల్ల నాలుగిళ్లకు వినపడేట్టు అడగాల్సి వచ్చింది. "మీ భర్త మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టారా అక్కా?"

దుర్గ గడప వైపు చూసింది. పిచ్చమ్మ చేతిలో ముడి చూసుకుంటోంది. ఆమె తల వాలి ఉంది, ఎప్పటిలాగే ఎవరి మాటో వింటున్నట్టు.

"లేదు," అంది దుర్గ.

"నెట్టడం, జుట్టు పట్టి లాగడం..."

"లేదు."

అప్పుడు గడప మీది వెలుతురు మసకబారింది. పిచ్చమ్మ తలెత్తి చూస్తే సముద్రం మీద ఒక నల్లమబ్బు, కింద అంచు వేలాడుతూ, ఒడ్డుకే వస్తోంది. గాలిలో తడిమట్టి వాసన. ఆవతలి దిబ్బల మీద ఆడవాళ్లు అప్పుడే పరుగు మొదలుపెట్టారు.

"పిచ్చమ్మత్తా! వానా!" మస్తానమ్మ కేక.

సగం ఎండిన నెత్తళ్ల మీద వాన పడితే ఆ సరుకు పనికిరాదు. సాయంత్రానికే పురుగు పడుతుంది. వల ఎత్తడం ఒకరి పని కాదు. ఇద్దరు చెరొక కొసా పట్టి, చేపను మధ్యకు దొర్లించి, మడత పెట్టి లాక్కురావాలి. ఏ వానకైనా పిచ్చమ్మ చేసే మొదటి పని కోడలిని కేకేయడమే. దుర్గ కూడా అలవాటుగా లేవబోయింది.

పిచ్చమ్మ గడపలో నిలబడి ఆ పిల్లనూ, కోడలినీ చూసింది. తను పోతే దుర్గ చెప్తుంది. ఆ మాట ఆ పలకలోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి పోలీసుల దాకా పోతుంది. ఆ తర్వాత కామాక్షయ్య ఇంటికి పట్టిన గతే. ఇవన్నీ ఆమెకు తెలుసు. ట్రాలీ ఆటోలో ఊగిన ఆ కాళ్లు కూడా గుర్తొచ్చాయి.

"నువ్వు కూసో," అంది కోడలితో. "ఆ పిల్ల అడిగేదేదో అడగనీ."

ఒక్కతే దిబ్బ మీదికి పోయింది. ఎడమచేత్తో ఒక కొస లాగి, దాని మీద మోకాలు వేసి కూర్చుని, రెండో కొసను నోటితో పట్టుకుంది. చినుకులు మొదలయ్యాయి. కుడిచెయ్యి ఎంత లాగినా సాయం రాలేదు. నెత్తళ్లు సగం మధ్యకు వచ్చాయి, సగం ఇసుకలో కలిశాయి. కవళ్లను అలాగే వదిలేసి, దొరికిన ప్లాస్టిక్ పట్టాను కుప్ప మీద కప్పి, అది ఎగిరిపోకుండా దాని మీదే కూర్చుంది. వాన వీపు మీద పడుతోంది. లేచి ఇంట్లోకి పోవచ్చు. పట్టా మీద రాయి పెడితే సరిపోతుంది. పక్కనే రాయి ఉంది కూడా. అయినా వాన తగ్గేదాకా అక్కడే కూర్చుంది. చెప్పనీ, అనుకుంది. దాన్ని అడిగేవాళ్లు పన్నెండు నెలల్లోపే వొచ్చినారు. చెప్పుకోనీ.

ఆమెకు తట్టనిది ఒకటే. వానకు ఆవతలి దిబ్బల మీది ఆడవాళ్లందరూ దగ్గరున్న చూరు కిందికి చేరతారు. దగ్గరున్న చూరు పిచ్చమ్మదే.

ఆమె తడిసి ఇంటి ముందుకు వచ్చేసరికి చూరు కింద మస్తానమ్మా, ఇంకో ఇద్దరూ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. లోపల నుంచి దుర్గ గొంతు వస్తోంది. తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియని మనిషి గొంతు.

"అంతా చెప్పినా గదా నీకు. ఇంక ఎప్పుడొస్తారు?"

"ఎవరక్కా?"

"నువ్వు పోయి చెప్తే వొచ్చేవాళ్లు."

 పిచ్చమ్మ గడప దగ్గర ఆగిపోయింది.

"ఎవరూ రారక్కా," అంది కెజియా. "ఇది కంప్లైంటు కాదు. ఎంతమందికి జరుగుతోందో లెక్క కోసం అడుగుతున్నాం. ఇందులో మీ పేరుండదు. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. మొదట్లోనే చదివాను కదక్కా..."

"నువ్వు మెల్లగా చదివినావు," అంది దుర్గ.

కెజియా ఒక ఫోన్ నంబరు చెప్పింది. ఎప్పుడు చేసినా మాట్లాడతారంది. ఫోను పెంచలు దగ్గరుంటుందని దుర్గ చెప్పింది. కెజియా ట్యాబును సంచిలో పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది. గుమ్మంలో పిచ్చమ్మను చూసి, "నేను అడగడం వరకేనమ్మా," అంది. పిచ్చమ్మ పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. చూరు కింది ముగ్గురూ ఆ పిల్ల వంక చూడలేదు. వాన తెరపిచ్చింది.

* * *

పొద్దు వాలకముందే పోలేరయ్య వచ్చాడు. ఎవరు చెప్పారో అడిగే పని లేదు. చూరు కింద ఉన్నది ముగ్గురు. వెనక ఇంకో ఇద్దరు కాపులు, వాళ్ల నడుమ కెజియా. మైపాడు ఆటో ఎక్కబోతుంటే వెనక్కి పిలుచుకొచ్చారు. ఎవరూ ఆ పిల్లను ఒక్క మాట అనలేదు. మస్తానమ్మ చేత ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి కూర్చోబెట్టారు.

"పాపా, మాకు నీ మీద కోపమేం లేదు," అన్నాడు పోలేరయ్య. తెల్లమీసాల మనిషి, ఎవరితోనైనా నెమ్మదిగానే మాట్లాడతాడు. "మా ఊరి మీద యాడా ఒక్క కేసు లేదు. నువ్వొకటి రాసుకోనిపోతే అది మా ఊరి కేసే గదా?"

"ఇది కేసు కాదండీ. ఇందులో మనిషి పేరుండదు. ఊరి పేరు కూడా బయటికి రాదు."

"మనిషి లేదు, ఊరు లేదు. ఏదీ లేనప్పుడు లేదనే రాసుకో తల్లీ."

కెజియా ఏదో చెప్పబోయింది. మా ఆఫీసులో ఒప్పుకోరనో ఏమో. చుట్టూ చూసింది. ఆటో శబ్దం ఎక్కడా లేదు.

"మళ్లీ అడుగు. మా ముందరే అడుగు. ఆ అమ్మాయి నోటితో ఏది చెప్తే అది రాసుకో."

దుర్గను వసారాలోకి పిలిచారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. కాపులూ, కుర్చీలో కెజియా, అంతా ఆమెకు కుడిపక్కనే ఉన్నారు. కెజియా ప్రశ్న మొదలుపెట్టింది. ఆ మాటలు దుర్గకు వినపడటం లేదని పిచ్చమ్మకు తెలుసు. దుర్గ ఆ పిల్ల పెదవులనే చూస్తోంది. పెదవులు ఆగినప్పుడల్లా "లేదు" అంది. రెండుసార్లు ప్రశ్న పూర్తికాకముందే అనేసింది. ప్రతి 'లేదు'కూ కెజియా వేలు ఒకసారి కదిలింది.

"పిచ్చమ్మా," అన్నాడు పోలేరయ్య. "నువ్వు ఇంటి పెద్దదానివి. పెంచలు నీ కోడలి మీద చెయ్యి చేసుకుంటాడా? నువ్వు చెప్పు. నీ మాటే మాకు నమ్మకం."

దుర్గ ఆ మాట కూడా వినలేదు. అందరి ముఖాలూ అత్త వైపు తిరగడం చూసి, తనూ అటు చూసింది.

పిచ్చమ్మ చీర ఇంకా తడిగానే ఉంది. వల కొసను పళ్లతో పట్టినందుకో ఏమో, నోరంతా ఉప్పగా ఉంది. అవునంటే ఏమవుతుంది? పెంచలును పడవ ఎక్కనివ్వరు. రేపటి నుంచి ఈ చూరు కిందికి ఏ వానకూ ఎవరూ రారు.

"లేదన్నా," అంది.

చాలా తేలిగ్గా వచ్చిందా మాట. ఆసుపత్రిలోనూ ఇంత తేలిగ్గానే వచ్చింది.

దుర్గకు ఆ మాట వినపడనవసరం లేకపోయింది. అత్త పెదవులను చూసింది. కెజియాను చూడలేదు, కాపులనూ చూడలేదు. గోడను వదిలి లోపలికి పోయింది.

"అంతేలే. సంసారాలన్నాక ఒక మాట వొస్తుంటాది, పోతుంటాది," అని పోలేరయ్య లేచాడు. పోతూ పోతూ, మేలు చేసేవాడిలాగే, పిచ్చమ్మ భుజం తట్టాడు. "పెంచలుకు ఒడ్డు కాడ నేనే చెప్తాలే, ఇట్టా జరిగిందని. ఇంటికి పోయి ఆ పిల్లనేమీ అనొద్దని గూడా చెప్తా."

తట్టింది కుడిభుజం. పిచ్చమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచింది.

ఆ మాట మాత్రం లోపలికి వినపడింది. పోలేరయ్య గుమ్మానికి ఎదురుగా నిలబడి, లోపల ఉన్నవాళ్లకు కూడా తెలియాలని గట్టిగానే చెప్పాడు.

* * *

వాన కడిగిన ఆకాశం మళ్లీ తేటపడింది. పిచ్చమ్మ దిబ్బ మీద కూర్చుని తడిసిన చేపను వేరుచేస్తోంది. ఇసుక పట్టిన నెత్తళ్లు కోళ్ల మేతకు తప్ప ఎందుకూ పనికిరావు. కవళ్లను మళ్లీ కడిగి ఉప్పు వేస్తే నిలబడొచ్చు. చేతులు వాటిపాటికి అవి ఏరుతున్నాయి. దూరంగా నీటి మీద మొదటి పడవలు నల్లచుక్కల్లా కనపడుతున్నాయి. అందులో ఏది తన కొడుకుదో ఈ దూరం నుంచి చెప్పలేదు. ఇంకాసేపటికి అవి ఒడ్డుకు తగులుతాయి. అక్కడ పోలేరయ్య ఉంటాడు. చెప్తానన్నది చెప్తాడు. పెంచలు తలొంచుకుని విని, సరే పెదనాయనా అంటాడు.

ఇంట్లో పొయ్యి రాజేసిన పొగ వచ్చింది. బియ్యం కడుగుతున్న చప్పుడు వచ్చింది. రోజూ ఈ వేళకు వచ్చే చప్పుళ్లే. పిచ్చమ్మకు ఆ చప్పుళ్లు కొంచెం ధైర్యంగా తోచాయి. వంట మొదలైన ఇంట్లో ఇంక ఏమీ జరగదన్నట్టు అనిపించింది.

దుర్గ బయటికి వచ్చింది. చెంగుతో చేతులు తుడుచుకుంది. చెప్పులు వేసుకుంది. చేతిలో సంచీ ఏమీ లేదు. ఒక్కసారి దిబ్బ వైపు చూసింది. పిచ్చమ్మ చేతిలో చేప పట్టుకుని ఆమెనే చూస్తోంది.  దుర్గ తల తిప్పుకుని నడిచింది. సముద్రం వైపు కాదు. ఇళ్ల మధ్య సందులోంచి, నెల్లూరు బస్సు ఆగే రోడ్డు వైపు. ఆమె పుట్టిల్లు తడ ఊరికి ఆవల, పులికాటు చెరువు ఒడ్డున. బస్సు దొరికితే పొద్దుపోయేలోగా సగం దారి దాటిపోవచ్చు. పిలవాలంటే చాలా గట్టిగా పిలవాలి. పిచ్చమ్మ పిలవలేదు.

పక్కింటి వాకిట్లో మస్తానమ్మ చీపురు ఆపింది.

"దుర్గ యాడికత్తా పోతుండాది? ఈ వేళప్పుడు?"

"అంగడికి," అంది పిచ్చమ్మ. "ఉప్పుకు."

"ఉప్పుకా? మీ ఇంట్లోనా?" మస్తానమ్మ నవ్వబోయింది. పిచ్చమ్మ పక్కన రెండు ఉప్పుబస్తాలు మూతులు తెరుచుకుని ఉన్నాయి. మస్తానమ్మ వాటినీ, పిచ్చమ్మ ముఖాన్నీ, ఖాళీ అయిన సందునూ చూసింది. నవ్వు ఆగిపోయింది. మధ్యాహ్నం చూరు కింద నిలబడిన మనిషే ఆమె. చీపురు గోడకు ఆనించి, "సన్న ఉప్పుకేమోలే," అని గొణుక్కుంటూ లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

బస్సు హారను దూరంగా ఒకసారి వినపడింది. తర్వాత అలల మోతే మిగిలింది.

పడవల మీది మనుషులు తెలిసేంత దగ్గరయ్యాక పిచ్చమ్మ లేచి ఇంట్లోకి పోయింది. పొయ్యి చక్కగా మండుతోంది. ఎసరు కాగుతోంది. దుర్గ కడిగి పెట్టిన బియ్యం పక్కనే చిన్న తపేలాలో ఉన్నాయి. పిచ్చమ్మ వంగి చూసింది. తెల్లటి కడుగునీళ్ల అడుగున, తల్లికీ కొడుకుకూ, ఇద్దరికి సరిపోయేటన్ని బియ్యం.